‘ప్రొసీడ్ నొక్కండి’ అని ప్రజలకు చెప్పకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ వెబ్‌సైట్ల బాధ్యత చూస్తున్న అధికారులకు,



ఒక ప్రభుత్వ పోర్టల్ కోసం తయారైన యూజర్ మాన్యువల్ చూశాక ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను. దరఖాస్తు ఎలా నింపాలో చెప్పడానికి ముందే, మొదటి పేజీలోనే, ఒక స్క్రీన్‌షాట్ ఉంది. ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటూ బ్రౌజర్ చూపించే హెచ్చరిక అది. దాని మీద ఎర్ర బాణం గుర్తులు గీసి, ముందు ‘అడ్వాన్స్‌డ్’ నొక్కాలని, తర్వాత కింద కనిపించే ‘ప్రొసీడ్’ లింకు నొక్కి లోపలికి వెళ్లాలని ఓపిగ్గా వివరించారు. ఆ లింకు చివర ‘అన్‌సేఫ్’ అని బ్రౌజర్ రాసిన మాట స్క్రీన్‌షాట్‌లో స్పష్టంగానే కనిపిస్తోంది. ఆ శాఖ పేరు ఇక్కడ రాయను. ఈ అలవాటు ఒక్క శాఖది కాదు. కొన్నిచోట్ల ఇది కాగితం మీద ఉంటుంది, ఇంకా చాలాచోట్ల హెల్ప్‌డెస్క్ ఫోన్లో నోటిమాటగా నడిచిపోతుంది.

నేను డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఇలాంటి హెచ్చరిక పేజీ కనిపిస్తే ఆగాలని క్లాసులో చెప్పిన పాఠం, స్కాలర్‌షిప్ దరఖాస్తు రోజున నెట్ సెంటర్లో చెరిగిపోతుంది. ‘ఏం కాదు, గవర్నమెంట్ సైటే, అడ్వాన్స్‌డ్ కొట్టి ప్రొసీడ్ అవ్వు’ అని నెట్ సెంటర్ కుర్రాడు చెబుతాడు. అతన్ని నేను తప్పుపట్టను. గడువు ఆ సాయంత్రానికి అయిపోతుంది, వెనక పదిమంది నిలబడి ఉన్నారు, సైటు నిజంగానే ప్రభుత్వానిది. తప్పల్లా ఆ హెచ్చరిక అక్కడికి రావడంలోనే ఉంది. దాన్ని రప్పించింది ఆ పిల్లవాడి కంప్యూటర్ కాదు, మీ సర్వర్.

ఈ లేఖను మీతోపాటు మీ సైట్లు వాడే జనం కూడా చదువుతారు కాబట్టి, ఆ పేజీ ఎందుకు వస్తుందో నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైనప్పుడు బ్రౌజర్ అవతలి సర్వర్‌ను ఒక సర్టిఫికెట్ చూపించమంటుంది. ఫలానా డొమైన్ పేరు ఈ సర్వర్‌దేనని ఒక సర్టిఫికెట్ అథారిటీ డిజిటల్ సంతకం పెట్టి ఇచ్చిన పత్రం అది. బ్రౌజర్ ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. దానికి గడువు ఉందా? అందులోని పేరూ మనం తెరవబోయిన పేరూ ఒకటేనా? సంతకం పెట్టిన అథారిటీ తాను నమ్మే జాబితాలో ఉందా? మూడూ కుదిరితే ఆ తర్వాత మనం పంపే పాస్‌వర్డు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు దారిలో ఎవరికీ అర్థం కాని రూపంలో ప్రయాణిస్తాయి. ఏ ఒక్కటి కుదరకపోయినా బ్రౌజర్ మనల్ని ఆపేస్తుంది. ఏది కుదరలేదో కూడా అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘డేట్ ఇన్‌వాలిడ్’ అంటే గడువు తీరింది, లేదా మన కంప్యూటర్లో తేదీ తప్పు. ‘కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అంటే పత్రం ఒక పేరు మీద ఉంది, సైటు ఇంకో పేరు మీద ఉంది. ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అంటే సంతకం ఎవరిదో బ్రౌజర్‌కు తెలియదు.

ఈ మూడింటి వెనక ఆఫీసులో జరిగిన మరుపు ఉండొచ్చు. మన ఫోనుకూ సర్వర్‌కూ నడుమ ఎవరో దూరి, తానే ఆ సైటునని నటిస్తుండనూ వచ్చు. రెండింటికీ తేడా బ్రౌజర్ పసిగట్టలేదు. ఇంటర్ పాసైన పిల్లవాడు అసలే కనిపెట్టలేడు. కాబట్టి ‘మా సైటు విషయంలో మాత్రం ఇది ఉత్తుత్తి హెచ్చరిక’ అని చెప్పే హక్కు మీకు లేదు. ఆ క్షణంలో ఆ పిల్లవాడు చూస్తున్నది మీ సైటునేనా అన్నదే ఇంకా తేలలేదు.

జనం హెచ్చరికలను ఎలాగూ పట్టించుకోరని ఐటీ వాళ్లే అనుకుంటూ ఉంటారు. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో నిజంగా వచ్చిన రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించి ఈ మాట సరికాదని చూపించారు. మోసపు సైట్లు, మాల్వేర్ సైట్ల మీద వచ్చే ఎర్ర పేజీలను దాటి వెళ్లినవాళ్లు నూటికి పాతికమంది కూడా లేరు. అదే సర్టిఫికెట్ హెచ్చరిక దగ్గరికి వచ్చేసరికి ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం, అప్పటి క్రోమ్‌లో 70 శాతం దాటేశారు. ఈ తేడాలో హెచ్చరికను చూపించిన తీరుకూ పాత్ర ఉంది. ఆ తర్వాత క్రోమ్ తన హెచ్చరిక పేజీని మార్చుకుంది. ‘ప్రొసీడ్’ లింకును ‘అడ్వాన్స్‌డ్’ వెనక దాచింది ఊరికే కాదు, మనిషి ఒక్క క్షణం ఆలోచించాలని. మీ మాన్యువల్లోని ఎర్ర బాణాలు ఆ ఒక్క క్షణాన్నే తీసేస్తున్నాయి.

రైలు రాకపోయినా రోజూ గంటల తరబడి మూసి ఉంచే లెవెల్ క్రాసింగ్ దగ్గర జనం సైకిలు వంచి గేటు కింద నుంచి దూరిపోవడం నేర్చుకుంటారు. రైలు వచ్చే రోజున కూడా అలాగే దూరతారు. ప్రభుత్వ సైటు మీద అకారణంగా వచ్చిన ప్రతి హెచ్చరికా అలాంటి అలవాటునే నేర్పుతోంది. ఒక ప్రైవేటు దుకాణం సైటు ఇలా చేస్తే మనం ఇంకో దుకాణానికి పోతాం. రేషన్ కార్డుకూ భూమి రికార్డుకూ కుల ధ్రువీకరణకూ ఇంకో ప్రభుత్వం లేదు. మీ దగ్గర నేర్చుకున్నది ప్రజలు తప్పించుకోలేరు.

ఇప్పుడు దొంగల వైపు చూడండి. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ వెబ్‌సైట్‌పై పోలీసులకు ఫిర్యాదు చేసింది. అప్పటికే నలభై నకిలీ సైట్ల మీద కేసు ఉంది, ఇది నలభై ఒకటోది. ఆ రోజుల్లో దేవస్థానం అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. చుక్కలున్న చోట గీతలు పెట్టారు, చివర ‘ఇన్’ తీసి ‘ఆర్గ్’ తగిలించారు, అంతే. దర్శనం టికెట్ కోసం ఆత్రంగా వెతుకుతున్న భక్తుడి కంటికి ఈ తేడా ఆనుతుందా?

ఇలాంటి చిరునామాను ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్న పేరుకు సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి ఈ రోజుల్లో కొద్ది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దానివల్ల ఇంటర్నెట్‌కు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. అయితే సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే: ఈ పేరు ఈ సర్వర్‌ది. ఆ పేరు వెనక ఉన్నవాడు మంచివాడని అది ఎక్కడా చెప్పదు. నకిలీ సైటు తన పేరు తనదేనని నిజాయితీగా నిరూపించుకుంటుంది కాబట్టి దాని మీద సర్టిఫికెట్ హెచ్చరిక రాదు. ఇన్నాళ్లూ ‘తాళం గుర్తు ఉంటే సురక్షితం’ అని మనమే ప్రచారం చేశాం. ఆ గుర్తును జనం నమ్మకానికి ముద్రగా పొరబడుతున్నారని గ్రహించి 2023 సెప్టెంబర్‌లో క్రోమ్ దాన్ని చిరునామా పట్టీ నుంచి తీసేసింది. బ్యాంకుల, ప్రభుత్వ శాఖల సూచనల్లో మాత్రం ఆ తాళం ఇంకా వేలాడుతూనే ఉంది.

అంటే ఏం జరుగుతోందో గమనించారా? దొంగ సైటు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంటోంది. అసలు సైటు హెచ్చరికతో తెరుచుకుంటోంది. పైగా ఆ హెచ్చరికను దాటి రమ్మని అసలు సైటువాళ్లే చెబుతున్నారు.

దొంగ సైటును ఆపగలిగేది రెండో రకం హెచ్చరిక, ఎర్ర పేజీ. ఇది సర్టిఫికెట్‌తో సంబంధం లేనిది. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ అనే జాబితా ఒకటి ఉంది, మోసం చేస్తున్నాయనో వైరస్‌లు అంటిస్తున్నాయనో తేలిన సైట్లు అందులో చేరతాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ దాన్ని చూస్తాయి. ఎడ్జ్ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్ ఉంది. తెరవబోయే సైటు జాబితాలో ఉంటే తెర మొత్తం ఎర్రబడి ‘డేంజరస్ సైట్’ అని వస్తుంది. ఈ జాబితా కూడా తప్పు చేయొచ్చు. 2009 జనవరి 31న గూగుల్‌లో ఒక ఉద్యోగి పొరపాటున ‘/’ గుర్తును జాబితాలో చేర్చేసరికి, అది ప్రతి చిరునామాలోనూ ఉంటుంది కాబట్టి, కాసేపు ప్రపంచంలోని సైట్లన్నీ హానికరమని సెర్చ్ ఫలితాల్లో చూపించింది. అలాంటి రోజు అరుదు. ఎర్ర పేజీ వస్తే వెనక్కి తిరగాలి, అందులో రెండో మాట లేదు. అయితే కొత్తగా పుట్టిన నకిలీ సైటు ఈ జాబితాకు ఎక్కేలోగా కొన్ని గంటలో రోజులో పడుతుంది. ఆ మధ్యకాలంలో పౌరుడికి ఉన్న రక్షణ ఒక్కటే, చిరునామాను తానే చదువుకోగలగడం.

దాన్ని చదవడం మీరు ఎంత కష్టం చేశారో చెప్పాలి. ప్రభుత్వ శాఖలకు తప్ప ఎవరికీ ఇవ్వని ‘గవ్ డాట్ ఇన్’ అనే డొమైన్ మన చేతిలో ఉంది. మొదట్లో ఉండే ‘//’ వదిలేసి, ఆ తర్వాత మొదటి గీత ‘/’ రాకముందు చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగిస్తే అది ప్రభుత్వానిది, లేకపోతే కాదు. పల్లెటూరి అవ్వకైనా ఒక్క పూటలో నేర్పగలిగిన సూత్రం ఇది. కానీ డాట్ కామ్, డాట్ ఆర్గ్, ఉత్త డాట్ ఇన్ చిరునామాలతో కూడా ప్రభుత్వ సేవలు నడిచాక ఈ సూత్రాన్ని ఏ మొహంతో చెప్పమంటారు? దేవస్థానం ఆన్‌లైన్ సేవలే ఒకప్పుడు డాట్ కామ్ చిరునామాలో ఉండేవి, తర్వాత ‘తిరుపతిబాలాజీ’ పేరుతో ఏపీ గవ్ డాట్ ఇన్‌కు వచ్చాయి, ఆ తర్వాత 2024లో ‘టీటీదేవస్థానమ్స్’ పేరుకు మారాయి. ప్రభుత్వ డొమైన్‌లోకి రావడం నిస్సందేహంగా మంచి పని. ఐతే చిరునామా మారిన ప్రతిసారీ నిన్నటి అసలు పేరు ఇవాళ అనుమానాస్పదం అవుతుంది, ఆ సందులోనే నకిలీగాళ్లు దుకాణం పెడతారు.

బ్యాంకుల విషయంలో, అందరినీ ఒకే డొమైన్ కిందికి తెచ్చే పని మన హైదరాబాద్ నుంచే జరిగింది. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ దేశంలోని బ్యాంకులన్నిటికీ ప్రత్యేకంగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్ ప్రకటించింది. అక్టోబర్ 31 లోగా అందరూ అందులోకి మారాలని గడువు పెట్టింది. ఆ పేర్లను ఇచ్చే బాధ్యత మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. బ్యాంకు కానివాడికి ఆ పేరు దొరకదు. ఒక రంగం మొత్తాన్ని ఒకే ఇంటిపేరు కిందికి తేవడం సాధ్యమేనని దీంతో తేలింది. మీకు అలాంటి ఇంటిపేరు ఏళ్లుగా ఉంది, దాన్ని వాడండి చాలు. పథకం ప్రారంభోత్సవం తొందరలో కాంట్రాక్టరు కొనిచ్చిన డాట్ కామ్ పేరును పోస్టర్ల మీద వేయకండి. పథకం ముగిశాక ఆ పేరును ఎవరూ రెన్యూ చేయరు, అప్పుడు దాన్ని ఎవరైనా కొనుక్కుంటారు. పాత పోస్టరు మాత్రం పంచాయతీ ఆఫీసు గోడ మీద అలాగే ఉంటుంది.

సర్టిఫికెట్ హెచ్చరిక చూసి ఆగడం వల్ల నిజంగా ఎవరికైనా మేలు జరిగిందా అని మీటింగుల్లో మీలో కొందరు అడగవచ్చు. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ అథారిటీలోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఐదు వందలకు పైగా దొంగ సర్టిఫికెట్లు తయారుచేసుకున్నారు. వాటిలో ఒకటి గూగుల్ డాట్ కామ్ కింది సైట్లన్నిటికీ చెల్లేది, జులై 10న తయారైంది. సంతకం నిజమైన అథారిటీదే కాబట్టి బ్రౌజర్లు దాన్ని ఒప్పుకున్నాయి. దాన్ని ఇరాన్‌లో ప్రయోగించారు. సుమారు 3 లక్షల ఐపీ చిరునామాల నుంచి గూగుల్ సైట్లకు వెళ్లినవాళ్లు ఆ వలలో పడ్డారని తర్వాత జరిగిన విచారణ తేల్చింది. నెలన్నర పాటు బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆగస్టు చివర్లో ఇరాన్‌లోని ఒక వాడకందారుకు క్రోమ్‌లో హెచ్చరిక వచ్చింది. గూగుల్ సొంత సైట్లకు ఏయే అథారిటీల సంతకాలు ఉండాలో క్రోమ్‌లో ముందే రాసిపెట్టి ఉంది, అందుకే అది పట్టేసింది. ఆ మనిషి విసుక్కుని వదిలేయలేదు. ఇదేమిటి, ఎందుకిలా వస్తోందని గూగుల్‌ను బహిరంగంగా అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో వ్యవహారమంతా బయటపడింది. బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ను తమ జాబితాల నుంచి తొలగించాయి, సెప్టెంబర్‌లో ఆ సంస్థ దివాలా తీసింది. డచ్ ప్రభుత్వ సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చింది కూడా ఆ సంస్థే కాబట్టి, అక్కడి ప్రభుత్వం అర్ధరాత్రి విలేకరుల సమావేశం పెట్టి తన సైట్ల భద్రతకు హామీ ఇవ్వలేనని దేశానికి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఇరాన్ వాడకందారును మన పిల్లలతో పోల్చి చూస్తే నాకు భయం వేస్తుంది. హెచ్చరిక చూసి అడిగే మనిషి ఉండబట్టి అంత పెద్ద మోసం బయటపడింది. మనం అడగొద్దని నేర్పుతున్నాం.

అది ఎక్కడో జరిగిందనుకోకండి. 2014 జులై మొదట్లో గూగుల్ డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు బయటపడ్డాయి. వాటిని జారీ చేసింది మన నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) కింద ఉన్న సర్టిఫికెట్ విభాగం. దానికి అధికారం ఇచ్చింది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, క్లుప్తంగా సీసీఏ. ఎన్‌ఐసీ జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని, నాలుగు సర్టిఫికెట్లు ఇలా వెళ్లాయని సీసీఏ చెప్పింది. అంతకంటే ఎక్కువే ఉన్నాయని గూగుల్ చెప్పింది. సీసీఏ వెంటనే, ఒక్క రోజులోనే, ఆ అధికార పత్రాలను రద్దు చేసింది. దాన్ని మెచ్చుకోవాలి. అయినా ఆ తర్వాత క్రోమ్ భారత ప్రభుత్వ రూట్ సర్టిఫికెట్‌ను, అంటే కింది సర్టిఫికెట్లన్నిటి నమ్మకానికి మూలమైనదాన్ని, గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ వంటి కొద్ది డొమైన్లకే పరిమితం చేసింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో అది అసలు లేనే లేదు. నమ్మకం పోవడానికి ఒక వారం చాలునని మన ప్రభుత్వ వ్యవస్థే స్వయంగా చూసింది.

ఇక్కడే ఇంకో విన్నపం. ‘ముందుగా ఈ రూట్ సర్టిఫికెట్‌ను డౌన్‌లోడ్ చేసి మీ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకోండి’ అనే సూచన ఇంకా ఏ సైటులోనైనా ఉంటే అది ప్రొసీడ్ కంటే ప్రమాదం. ప్రొసీడ్ నొక్కితే ఒక్క సైటుకే తలుపు తీస్తాం. రూట్ చేర్చుకుంటే, దాని తాళంచెవి ఎవరి చేతిలో పడినా వాళ్లు మన బ్యాంకుగానూ మన ఈమెయిల్‌గానూ నటించగలరు. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం తన పౌరులను అలాంటి రూట్ వేసుకోమంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ కలిసి దాన్ని అడ్డుకున్నాయి.

న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. హెచ్చరికలన్నిటికీ మీరే కారణం కాదు. పాత కంప్యూటర్లో మదర్‌బోర్డు మీది చిన్న సెల్ అయిపోతే, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ప్రతి సైటూ ‘డేట్ ఇన్‌వాలిడ్’ అంటుంది. తేదీ సరిచేస్తే పోతుంది, సెల్ మార్చడం ఎంతో ఖర్చు కాదు. రైల్వే స్టేషన్లోనో హోటల్లోనో వైఫైకి కలిశాక లాగిన్ పేజీ రాకముందే వేరే సైటు తెరవబోతే ఇలాంటి పేజీయే రావచ్చు. వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే విషయం తెలిసిపోతుంది. ఇక మన జనం చేతుల్లో ఉన్న పాత ఫోన్లు. ఫోన్లో ఉండే నమ్మకస్తుల జాబితా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పాటే కొత్తబడుతుంది, అప్‌డేట్లు ఆగిన ఫోన్‌కు కొత్త అథారిటీలు తెలియవు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన పాత రూట్ గడువు తీరినప్పుడు చాలా పాత పరికరాల్లో మంచి సైట్లు కూడా తెరుచుకోలేదు. ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్ల కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు కూడా 2024తో ముగిసింది. ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితానే వాడుతుంది కాబట్టి, అలాంటి ఫోన్లో దాన్ని వేసుకున్నవాళ్లు కొంతకాలం గట్టెక్కారు.

అందుకని పౌరులకు నేను చెప్పేది ఇది. హెచ్చరిక వస్తే ముందు తేదీ చూడండి, నెట్ మార్చి చూడండి, ఇంకో ఫోన్లో చూడండి. అప్పటికీ పోకపోతే ఆ సైటులో పాస్‌వర్డు, ఆధార్, ఓటీపీ, కార్డు నంబరు కొట్టకండి. చిరునామా పక్కన ‘నాట్ సెక్యూర్’ అని మాత్రమే ఉంటే ఆ సైటు హెచ్‌టీటీపీఎస్ వాడటం లేదని అర్థం. 2018 జులై నుంచి క్రోమ్ అలాంటి సైట్లన్నిటినీ ఇలా గుర్తిస్తోంది. చదువుకోవడానికి ఫరవాలేదు, ఏదైనా నింపడానికి పనికిరాదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్) ఫైలు మీద ఫోన్ హెచ్చరిస్తే, అది చలానా పేరుతో వచ్చినా, కిసాన్ పథకం పేరుతో వచ్చినా వేసుకోకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ పని. సర్టిఫికెట్ గడువు తీరకుండా చూసుకోవడం ఇంతకాలం ఏడాదికోసారి ఫైలు కదిపే పనిగా నడిచింది. ఇక అలా నడవదు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి ఓటు వేసి గడువులు తగ్గించాయి. 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. 47 రోజులకోసారి నోట్ ఫైలు పెట్టి, ఆర్థిక విభాగం సంతకం తీసుకుని, కాంట్రాక్టరుకు మెయిల్ కొట్టి రెన్యూ చేయించడం ఏ శాఖ వల్లా కాదు. సర్వరే తనంతట తాను సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి, ఏక్‌మీ ప్రోటోకాల్, 2019లోనే ప్రమాణంగా స్థిరపడింది. దాన్ని ప్రతి పోర్టల్‌కూ పెట్టించండి, కొత్త టెండర్లలో షరతుగా రాయండి. కాంట్రాక్టు ముగిసిన రోజున ఆ డొమైన్, ఆ సర్వర్ ఎవరి చేతిలోకి వస్తాయో కూడా అందులోనే రాయండి. నేను చూసినంతలో సగం కష్టాలు ఎవరిదీ కాని సైట్ల నుంచే వస్తాయి.

ఆఫీసు కంప్యూటర్లో బాగానే తెరుచుకుంటోందని సరిపెట్టుకోకండి. సైటు సర్టిఫికెట్‌ను రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్‌ను సర్వర్లో పెట్టడం మరిచిపోతే కొన్ని బ్రౌజర్లు దాన్ని వెతికి తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోలేవు. ఆఫీసులో కనిపించని హెచ్చరిక మండలంలోని పాత ఫోన్లో కనిపిస్తుంది. పోర్టల్ విడుదల చేసే ముందు ఆరేడు వేల రూపాయల ఫోన్లో, ఊళ్లో నెట్‌తో తెరిచి చూడండి. మీ సైటు మీద ఎర్ర పేజీ వస్తే గూగుల్ మీద కోప్పడకండి. గవ్ డాట్ ఇన్ చిరునామాల కింద బెట్టింగ్ లింకులు దూరిన ఉదంతాలు పత్రికల్లోనే వచ్చాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కారణం కనిపిస్తుంది. శుభ్రం చేసి, పునఃపరిశీలన కోరండి. అంతవరకు సైటు ఆపి, ఎందుకు ఆపారో ప్రజలకు చెప్పండి.

చివరిగా అడిగేది సాంకేతిక విషయం కాదు. మీరు ఒక జీవో ఇవ్వగలరు. దరఖాస్తు చివరి రోజుల్లో పోర్టల్ సర్టిఫికెట్ లోపం వల్ల హెచ్చరిక ఎన్ని రోజులు కనిపిస్తే, లోపం సరిచేసిన తర్వాత అన్ని రోజులు గడువు దానంతట అదే పెరిగేలా రాయండి. ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, హెచ్చరిక చూసి ఆగిన పిల్లకు స్కాలర్‌షిప్ పోతుంది, ప్రొసీడ్ నొక్కిన పిల్లకు వస్తుంది. నేను క్లాసులో ఎన్ని చెప్పినా ఈ లెక్క ముందు నిలవదు, నిలవాలని ఏ తల్లిదండ్రులనూ అడగలేను. ఆగినందుకు నష్టం లేదని మీరు రాతపూర్వకంగా చెప్పండి. ఆ మాన్యువల్లోని మొదటి పేజీ తీసేసి, అక్కడ ఈ హామీని, ఫోన్ చేయాల్సిన నంబరును అచ్చువేయండి.

ఇట్లు,
మీ పోర్టళ్లలో దరఖాస్తులు నింపే పిల్లలకు పాఠాలు చెప్పే ఒక కంప్యూటర్ లెక్చరర్